మ్రాను వంగునా?

“మొక్కై వంగనిది మ్రానై వంగునా?” అని పెద్దలు ప్రశ్నింతురు. బిడ్డల నడవడిని గూర్చి పుట్టిన సామెత యిది. అయినను, వయస్సు వచ్చిన పిమ్మట పరభాష నేర్చుకొనబూనినవారి విషయమున కూడ దీనినే వాడుచుందురు. వాడుటకు తగిన దృష్టాంతములును లేకపోలేదు.

కుటుంబముతో పరదేశమునకు కాపురము పోయినవారి యింట నిత్యము జరుగు ముచ్చట నొకదానిని తలచుకొనుడు. ఆరేండ్ల వయస్సున అక్కడి బడిలో చేరిన బాలిక రెండు మూడేండ్లలో ఆ దేశపు బిడ్డలవలెనే మాటలాడును. విద్యాధికుడైన తండ్రి అదే భాషలో పత్రములు వ్రాయును, వ్యవహారములు చక్కబెట్టును. కాని యిరువది యేండ్లు గడచినను, నోరు విప్పిన మరుక్షణమే పరదేశీయుడని తెలిసిపోవును. కొడుకింటికి వచ్చిన నాయనమ్మకు అంగడిలో ఉప్పు కొనవలెనన్నను మనుమరాలు తోడు రావలెను. తండ్రికి వ్యాకరణము తెలియును. కూతురునకు వ్యాకరణమను మాటయే తెలియదు. అయినను కూతురే తండ్రిని దిద్దుచుండును. “అట్లు కాదు నాన్నా” అని ఆమె నవ్వును. తండ్రియు నవ్వును. కాని ఆ నవ్వులో కొంత చిన్నబోవుటయు కలదు.

పెద్దవాడు పిల్లవానికంటె తెలివిలో తక్కువవాడు కాడు. న్యాయశాస్త్రమునో, గణితమునో నలువదియవ యేట మొదలుపెట్టి సాధించినవారు కలరు. ఆ విద్యలందు పసివాడు వారికి సాటి రాడు. ఒక్క భాష విషయమున మాత్రమే యీ తలక్రిందుల న్యాయమేల? మ్రాను నిజముగా వంగదా? వంగనిచో ఎక్కడ వంగదు? ఎక్కడ వంగును?

చేతికి లొంగి నాలుకకు లొంగనిది

ఈ ప్రశ్న చర్చకు వచ్చినపుడు పండితులు తరచుగా స్మరించు పేరు జోసెఫ్ కాన్రాడ్. 1857లో, నాటి రష్యా సామ్రాజ్యమునందలి బెర్దిచెవ్ పట్టణమున పోలిషు కుటుంబములో నీయన జన్మించెను. పోలిషు ఆయన మాతృభాష. ఫ్రెంచి బాల్యముననే కొంత అలవడెను. 1874లో, 16 యేండ్ల వయస్సున, ఫ్రాన్సునందలి మార్సేల్సు రేవు చేరి నావికుడయ్యెను. 1878లో ఇంగ్లీషు ఓడ నెక్కునాటికి ఆయనకు 20 యేండ్లు. ఇంగ్లీషు మాటలు ఏ కొన్నియో తప్ప తెలియవు. ఓడకళాసుల నోటను, పత్రికలయందును, పుస్తకములయందును ఆ భాషను పట్టుకొని, 1886లో ఓడకు అధిపతిగా నుండుటకు వలసిన పరీక్షలో కృతార్థుడయ్యెను. 1895లో మొదటి నవలను ప్రకటించెను. 1924లో మరణించునాటికి ఇంగ్లీషు వచనమున ఆరితేరిన నవలాకారులలో నొకడుగా నెన్నబడెను.

ఇంతటివాడు మాటలాడునపుడు మాత్రము ఆయన యింగ్లీషు పరదేశపు యాసతో నిండియుండెడిది. ఆ దేశపు స్త్రీని వివాహమాడి, ఆ దేశముననే కాపురముండి, ఆ భాషలోనే కీర్తి గడించియు, జీవితాంతము ఆ యాసను ఆయన వదలించుకొనలేకపోయెను. చేతికి లొంగిన భాష నాలుకకు లొంగలేదు. భాషాశాస్త్రజ్ఞులు కొందరు ఈ విచిత్రమునకు ఆయన పేరే పెట్టిరి.

ఈ యొక్క జీవితమునుండి ఒక సంగతి స్పష్టమగుచున్నది. లోకులు “భాష” యని ఒకే పేరుతో పిలుచునది ఒకే విద్య కాదు. ధ్వనులను వినుట, వానిని పలుకుట, వ్యాకరణము తలపకయే నడచివచ్చుట, మాటల కూడిక, భావమును అందముగా చెప్పగల నేర్పు - ఇవి వేరువేరు విద్యలు. వయస్సు వీని నన్నిటిని సమానముగా బాధింపదు.

చెవి గట్టిపడు కాలము

వయస్సు వచ్చినకొలది నాలుక తిరుగదని సామాన్యులు చెప్పుదురు. నిజమునకు నాలుకకంటె ముందు గట్టిపడునది చెవి. “పాట”, “పాత” అను రెండు మాటలను తెలుగు బిడ్డడు ఎన్నడును పొరబడడు. కోటకును కోతకును గల భేదమును వానికెవ్వరును నేర్పనక్కరలేదు. కాని ఇంగ్లీషు తప్ప వేరు ధ్వనులు వినని పెద్దవానికి ట, త అను రెండును ఒక్కటిగానే తోచును. వినబడని భేదమును పలుకుటెట్లు?

ఈ చెవుడు పుట్టుకతో వచ్చినది కాదు. కెనడా దేశమున జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అను మనస్తత్వశాస్త్రజ్ఞులు 1984లో ప్రకటించిన పరిశోధన దీనిని చక్కగా విశదపరచినది. శిశువును తల్లి యొడిలో కూర్చుండబెట్టి ఒకే ధ్వనిని మరల మరల వినిపించిరి. ధ్వని మారినపుడు ప్రక్కనున్న పెట్టెలో ఆటబొమ్మ కదలును. ధ్వని మారెనని గ్రహించిన శిశువు బొమ్మకొరకు తల త్రిప్పును. ఇంగ్లీషు మాటలాడు ఇండ్లలో పుట్టిన 6 నెలలు మొదలు 8 నెలల వయస్సుగల శిశువులలో అధికసంఖ్యాకులు హిందీలోని త, ట భేదమును గ్రహించి తల త్రిప్పిరి. 10 నెలలు మొదలు 12 నెలలవారిలో అట్లు చేయగలిగినవారు కొలదిమందియే. హిందీ మాటలాడు ఇండ్లలోని శిశువులలో మాత్రము ఆ శక్తి చెక్కుచెదరలేదు.

అనగా తొలి పుట్టినరోజు పండుగ నాటికే శిశువు చెవి ఒక ఇంటిదైపోవుచున్నది. దీనిని నష్టమని మాత్రమే చెప్పరాదు. అర్థమును మార్చు భేదములను పట్టుకొని, మార్చని భేదములను విడిచిపెట్టుటయే మాతృభాషను వేగముగా గ్రహించు ఉపాయము. తెలుగువారికిని ఇదే గతి పట్టినది. ఇంగ్లీషున రెండు వేరు ధ్వనులుగా నున్నవానిని తెలుగువారు ఒకే “వ”కారముతో సరిపుచ్చుదురు. జపానువారికి ఇంగ్లీషునందలి ర, ల ధ్వనుల భేదము కొరకరాని కొయ్య. ఎవరి చెవికి తగిన చెవుడు వారికి కలదు.

ఇంటి భాష పెత్తనము

చెవి తరువాత వ్యాకరణము. పసివాడు భాషలోనికి వచ్చునపుడు ఖాళీ యింట ప్రవేశించినట్లు వచ్చును. పెద్దవాడు అట్లు కాదు. వాని యింట ఇదివరకే ఒక భాష కాపురమున్నది. క్రొత్త భాషకు చోటు చూపునది ఆ పాత భాషయే. అది తన అలవాట్లను ఊరక విడుచునా?

తెలుగు అజంత భాష. మాట చివర అచ్చు లేనిదే తెలుగు చెవికి తృప్తి లేదు. అందుచేతనే కారు, బస్సు, రోడ్డు అను మాటలు చక్కగా తెలుగు మాటలైనవి. అది తెలుగునకు గల హక్కు. కాని ఇంగ్లీషు మాటలాడునపుడు కూడ ఆ “ఉ”కారము పిలువని పేరంటమువలె వెంటవచ్చును.

హిందీ నేర్చుకొన్న తెలుగువారికి కలిగిన ఇక్కట్టు ఇంతకంటె గొప్పది. 1918లో మద్రాసున హిందీ ప్రచారము ఆరంభమైన పిమ్మట వేలకొలది తెలుగు స్త్రీపురుషులు సాయంకాలపు తరగతులలో ఆ భాషను శ్రద్ధతో నేర్చిరి. మాటలు వచ్చినవి, లిపి వచ్చినది. లింగము మాత్రము రాలేదు. తెలుగున లింగము అర్థమును బట్టి నడచును. పురుషులు మహత్తులు, పశుపక్ష్యాదులును జడపదార్థములును అమహత్తులు, స్త్రీలు ఏకవచనమున అమహత్తులతోడను, బహువచనమున మహత్తులతోడను కలియుదురు. ఏ వస్తువునకు ఏ లింగమో యని తెలుగువాడు జన్మలో విచారింపనక్కరలేదు. హిందీలోనో, “గ్రంథ్” అన్నచో పుంలింగము, “కితాబ్” అన్నచో స్త్రీలింగము, రెండును పుస్తకమే. పురుషుని ముఖమునకు అలంకారమైన మీసము స్త్రీలింగమని విని నవ్వని తెలుగు విద్యార్థి యుండడు. నవ్విన పిమ్మట దానిని వల్లించును. పరీక్షలో సరిగానే వ్రాయును. బజారులో మాత్రము తప్పును. ఏలయన, వాక్యము పరుగెత్తునపుడు నియమమును తలచుకొనుటకు వ్యవధి యుండదు. అపుడు పనిచేయునది అలవాటు, ఆ యలవాటు తెలుగుది.

ఉత్తరాదివారు తెలుగు నేర్చునపుడు తెలుగు వారిపై పగ తీర్చుకొనును. హిందీలో “హమ్” అను ఒకే మాట యున్నచోట తెలుగున “మేము”, “మనము” అని రెండు కలవు. వినువానిని కలుపుకొన్నచో మనము, విడిచినచో మేము. పదేండ్లు తెలుగునాట నున్న ఉత్తరాది గృహస్థుడు, “రేపు మనము కాశీకి పోవుచున్నాము” అని పొరుగువానితో చెప్పినచో, ఆ పొరుగువాడు తనకును టిక్కెట్టు కొన్నారు కాబోలునని క్షణకాలము తికమకపడును. అయిదేండ్ల తెలుగు బిడ్డడు ఈ పొరపాటు చేయడు.

వయస్సు గీచిన గీత

ఇందుకు మెదడునందే కారణము కలదని మొదట గట్టిగా వాదించినవారిలో కెనడా శస్త్రవైద్యుడు వైల్డర్ పెన్‌ఫీల్డ్ ఒకడు. 1959లో లామార్ రాబర్ట్సుతో కలిసి ప్రకటించిన గ్రంథమున, బాల్యము గడచినకొలది మెదడునకు భాషలను గ్రహించు మెత్తదనము తగ్గునని ఆయన చెప్పెను. 1967లో ఎరిక్ లెన్నెబర్గ్, రెండేండ్లు మొదలు యౌవనారంభము వరకు భాషకు అనుకూలమైన కాలమని సిద్ధాంతము చేసెను. మెదడు రెండు భాగములు తమ పనులను పంచుకొనుట యౌవనారంభమున పూర్తియగునని ఆయన చెప్పిన కారణము తరువాతి పరిశోధనలకు నిలువలేదు. కాని వయస్సునకును భాషకును సంబంధము కలదను మాట నిలిచినది.

1989లో జాక్వెలిన్ జాన్సన్, ఎలిస్సా న్యూపోర్ట్ అను విదుషీమణులు అమెరికాకు వలసవచ్చిన 46 మంది చీనా, కొరియా దేశస్థులను పరీక్షించిరి. వారు అచ్చటికి వచ్చిన వయస్సు 3 మొదలు 39 యేండ్ల వరకు నున్నది. ఏడేండ్లలోపుగా వచ్చినవారు ఇంగ్లీషు వ్యాకరణమున ఆ దేశీయులతో సమానముగా నిలిచిరి. అటుపై యౌవనము వరకు, వచ్చిన వయస్సు పెరిగినకొలది పట్టు తగ్గినది. పెద్దలై వచ్చినవారిలో మాత్రము వయస్సు లెక్క కుదురలేదు. ఒకరు చాల మేలు, వేరొకరు చాల తక్కువ. 2018లో సుమారు 6,70,000 మంది సమాధానములను పరిశీలించిన వేరొక పరిశోధన, వ్యాకరణమును గ్రహించు శక్తి 17 యేండ్ల ప్రాంతము వరకు నిలిచి, పిదప తగ్గునని చెప్పినది. అయినను పూర్తి పట్టు సాధింపవలెనన్నచో పదేండ్లలోపుగా ఆరంభించుట మేలని దాని తాత్పర్యము. ఈ గీత ఎక్కడ గీయవలెనను వివాదము పండితులలో నేటికిని సమసిపోలేదు. ఒక్కసారి మూసికొను తలుపు కాదిది, ప్రొద్దు వాలినట్లు మెల్లగా తగ్గు వెలుగు అని చెప్పువారు కలరు.

పసివాని బలమునకు న్యూపోర్ట్ చెప్పిన కారణ మొకటి మనోహరమైనది. పసివానికి జ్ఞాపకశక్తి చాలదు. అందుచేత విన్న వాక్యమున చిన్నచిన్న ముక్కలే వానికి చిక్కును. ఆ ముక్కలనుండియే ప్రత్యయములును, విభక్తులును వేరుపడి తెలియును. పెద్దవాడు వాక్యమునంతటిని ఒక్క గ్రుక్కలో మ్రింగును; అర్థము తెలియగానే లోపలి కీళ్లను చూడక విడుచును. ఈ లెక్కన పసివాని లోపమే వాని లాభము.

గంటల లెక్క

ఇంతవరకు చెప్పినది వినినచో సామెతయే గెలిచినట్లు తోచును. కాని ఒక చిన్న లెక్క వేసి చూడవలెను.

పసివాడు దినమునకు 10 గంటలు భాష నడుమ మెలగునని యనుకొందము. అయిదేండ్లలో అది 18,250 గంటలు. సాయంకాలపు తరగతికి దినమునకొక గంట చొప్పున ఏటికి 300 దినములు పోవు గుమాస్తాకు అన్ని గంటలు నిండుటకు 60 యేండ్లకు పైగా పట్టును. అయిదేండ్ల పిల్లవాని ధారాళమును చూచి అబ్బురపడువారు ఈ లెక్కను మరతురు. అమెరికా ప్రభుత్వము తన రాయబార ఉద్యోగులకు భాషలు నేర్పు సంస్థ, తెలుగును హిందీతోపాటు కష్టమైన భాషల తరగతిలో చేర్చి, 44 వారములు, 1100 గంటల బోధన వలయునని నిర్ణయించినది. అదియు ఉద్యోగమునకు చాలినంత భాషకే గాని, తెలుగువాడని భ్రమ గొలుపుటకు కాదు.

గంటలు సమానముగా నుండినచో పెద్దవాడు వెనుకబడడు సరిగదా, మొదట ముందుకే పోవును. 1978లో ప్రకటింపబడిన ఒక పరిశోధన, హాలెండు దేశమునకు వచ్చిన ఇంగ్లీషువారు డచ్చి భాష నేర్చుకొను తీరును పరిశీలించినది. మొదటి నెలలలో ముందున్నవారు పెద్దలును, 12 మొదలు 15 యేండ్ల వయస్సుగల బాలబాలికలును. చిన్నపిల్లలు పిదప మెల్లగా వచ్చి వారిని కలిసిరి. పసివాడు వేగముగా నేర్చుననుట భ్రాంతి. వాడు ఆగక నేర్చును, తుదివరకు పోవును. పెద్దవాడు వేగముగా బయలుదేరి నడుమ నిలిచిపోవును. కావున అడుగవలసిన ప్రశ్న - నడుమ నేల నిలిచిపోవును?

ముద్దుపలుకులు - వెక్కిరింతలు

1972లో లారీ సెలింకర్ ఈ నిలిచిపోవుటకు శిలగా మారుటయను అర్థము వచ్చు పేరు పెట్టెను. మాతృభాషయు కాక, పరభాషయు కాక, నడుమ నొక సొంత భాషను పెద్దవాడు కట్టుకొనును. దానితో బజారు జరుగును, ఉద్యోగము జరుగును. పని జరిగిన పిమ్మట దిద్దుకొనుటకు ప్రేరణ యుండదు. తప్పులు అట్లే గట్టిపడి రాతిమీది చెక్కడములగును.

దీనికి తోడు మానవసహజమైన సిగ్గు కలదు. వచ్చీరాని మాటలు పసివాని నోట ముద్దుపలుకులు. పెద్దవాని నోట అవియే నవ్వులాట. బిడ్డడు ఒక మాట తప్పు పలికినచో ఇల్లంతయు మురిసి, ఆ మాటనే పదిమార్లు పలికించును. పెద్దవాడు పలికినచో వినువాడు మొగము త్రిప్పుకొనును, లేదా మర్యాదకై విననట్లుండును. ఎవరును దిద్దరు. ఊరిలో పదిమందికి తీర్పు చెప్పిన పెద్దమనిషి, క్రొత్త భాషలో మంచినీరు అడుగుటకు తడుముకొనవలసి వచ్చినపుడు, దప్పిక నోర్చుకొనుటయే మేలని యెంచును. నోరు మెదపనివానికి భాష యెట్లు వచ్చును?

ఇందు నష్టపోవునది గౌరవము మాత్రమే కాదు. యాస విని మనిషి తెలివిని అంచనా కట్టుట లోకమున సర్వసాధారణము. ఇంగ్లీషున పలుకు తడబడిన ఉద్యోగార్థిని చేతగానివాడని త్రోసివేయుదురు. ఆసుపత్రిలో తన నొప్పిని ఆ దేశపు మాటలలో చెప్పుకొనలేని ముసలమ్మను తెలివిలేనిదానివలె చూతురు. పనికై తెలుగు పట్టణములకు వచ్చిన పరరాష్ట్రపు తాపీపనివాని తెలుగును అనుకరించి నవ్వువారికిని కొదువ లేదు. వయస్సువలన ఏది మిక్కిలి వంగదో, దానినే కొలబద్దగా పట్టుకొని మనిషిని కొలుచుట ఎంతటి న్యాయము?

వంగు కొమ్మలు

వంగెడి భాగములు పెక్కు కలవు. మాటల కూడికకు వయస్సు అడ్డు రాదు. అది చివరివరకు పెరుగుచునే యుండును. చదువరితనము, వివేచన, శైలి - ఇవి పెద్దవాని సొత్తు.

ఇందుకు తెలుగువారికి దూరము పోనక్కరలేదు. 1798లో జన్మించిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1817లో మద్రాసు చేరి తెలుగు నేర్చుకొనుట మొదలుపెట్టెను. అప్పటికే ఆయన బాల్యము దాటిన యువకుడు. 1820లో కడపలో ఉద్యోగమున చేరెను. 1829లో వేమన పద్యములను ఇంగ్లీషు అనువాదముతో ప్రకటించెను. 1840లో తెలుగు వ్యాకరణమును, 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువును వెలయించెను. పండితులను చేరదీసి, సొంత ధనము వెచ్చించి, వ్రాతప్రతులను సేకరించి సరిచూపించెను. తెలుగు ముద్దుపలుకులతో పెరిగిన ఎందరికో లేని పట్టుదల, ఆ ముద్దుపలుకు లెరుగని యీయనకు కలిగెను. పెద్దవాని మార్గ మిట్టిది: తెలియనిదానిని తెలిసినవారి నడిగి, వ్రాసికొని, మరల అడుగుట. పసివానికి అడుగనక్కరలేదు, పెద్దవాడు అడుగుటకు సిగ్గుపడరాదు.

గట్టిపడిన చెవి సైతము కొంత మెత్తబడును. ర, ల భేదము వినలేని జపాను పెద్దలకు పలువురి కంఠములతో వందలకొలది మాటలు వినిపించి, ప్రతిమారును తప్పొప్పులు తెలిపినచో వినికిడి మెరుగుపడునని 1991లో రుజువైనది. 21 యేండ్ల వయస్సున ఈజిప్టు దేశస్థుని పెండ్లాడి ఆ దేశము చేరిన ఒక ఆంగ్లవనిత, తరగతి మెట్టెక్కకయే అచ్చటి అరబ్బీని ఇంచుమించు ఆ దేశీయురాలివలె మాటలాడగలిగెనని 1994లో పరిశోధకులు ప్రకటించిరి. ఇట్టివారు అరుదు. కాని అరుదైనది అసాధ్యము కాదు.

వేరు నున్న బలము

ఇంతవరకు మాతృభాష పరభాషకు అడ్డుగోడగా కనిపించినది. ఈ కథకు రెండవ వైపు కలదు. 1993లో రేచెల్ మేబెరీ అను పరిశోధకురాలు అమెరికాలోని చెవిటివారి సంజ్ఞాభాషను గూర్చి ఒక గొప్ప సంగతి కనుగొనెను. పుట్టుచెవిటివారై, బాల్యమున ఏ భాషయు సరిగా అందక, బడియీడు గడచిన పిమ్మట సంజ్ఞాభాషను మొదటి భాషగా నేర్చినవారు కొందరు. మాటలాడు భాషతో పెరిగి, ఇంచుమించు అదే వయస్సున వినికిడి పోగొట్టుకొని, సంజ్ఞాభాషను రెండవ భాషగా నేర్చినవారు మరికొందరు. ఇరువురును నేర్చిన వయస్సు ఒక్కటియే. ఏండ్లు గడచిన పిమ్మట పరీక్షింపగా రెండవవారు ఎంతయో మేలుగా నుండిరి.

అనగా చిన్ననాట ఒక భాష నిండుగా అబ్బినవానికే పెద్దనాట వేరొక భాష అబ్బును. యాసను కలిగించి అల్లరిపెట్టు ఆ మాతృభాషయే క్రొత్త భాషకు వేరై నిలుచుచున్నది. కాలము దాటరానిది మొదటి భాషకు. రెండవదానికి ఆలస్యమైనను అవకాశము కలదు. బిడ్డకు పరభాష త్వరగా రావలెనను తొందరలో ఇంటి భాషను నోట రానీయని తల్లిదండ్రులు ఈ సంగతిని తలపోయవలసియున్నది.

ముదిరిన మామిడి మ్రానును వంచుటకు ఏ రైతును ప్రయత్నింపడు. పాత కొమ్మను కోసి, క్రొత్త జాతి పుల్లను అంటు కట్టును. వేరు పాతదే, మాను పాతదే. కాయు కాయ మాత్రము క్రొత్త జాతిది. అంటు కట్టినచోట బొడిపె యొకటి నిలిచిపోవును. చెట్టున్నంతకాలము అది కనబడుచునే యుండును. ఆ బొడిపెను చూచి పండు తీయగా నుండదని యెవ్వరును చెప్పరు. కొడుకింట క్రొత్త మాటలను కూడబలుకుకొనుచున్న నాయనమ్మ నోట వినవచ్చు యాసయు నట్టిదే. ఆమె నిన్నటి దినమున మనుమరాలు తోడు లేకయే అంగడికి పోయి ఉప్పు కొని తెచ్చెనేని, ఆ యింట అది చిన్న పండుగ కావలెను.